కాలిన పిల్లలకు తోడు నిలుచు వృత్తి

వైద్యరంగమనగానే శస్త్రచికిత్సకుని కత్తియు, నర్సు చేతి సూదియు మాత్రమే మన విద్యార్థుల కన్నులకు కట్టుట సహజమే కాని, మరుగుచున్న సాంబారు మీద పడియో, దీపావళినాటి చిచ్చుబుడ్డి మొగమునకెదురుగా ప్రేలియో ఒడలు కాలిన పసివానికి ఆ కత్తియు సూదియు చేయగలిగిన మేలు ముగిసిన పిదప, ఏండ్ల తరబడి సాగెడి కష్టములో తోడు నిలుచు పని వేరొకటి కలదనియు, దానికి చదువును శిక్షణమును కలవనియు ఎరిగినవారు మిక్కిలి తక్కువ.

ఆ కష్టమెట్టిదో ముందు తెలిసికొనవలెను. చర్మము అతికించిన తరువాత మచ్చ గట్టిపడి కీలును ముడుచును. బిడ్డ ఎదుగును గాని మచ్చ ఆ వేగముతో సాగదు. కావున అదే మోచేతికి మరల మరల శస్త్రచికిత్స తప్పకపోవచ్చును. మచ్చ పొంగకుండుటకై ప్రెషర్ గార్మెంటు అను బిగుతైన తొడుగును, దినమునకు ఇంచుమించు 23 గంటల చొప్పున, పలువురు పిల్లలకు ఏడాదికి పైగా ఉంచుదురు. మన రోహిణికార్తె ఎండలో, నిద్రపట్టనీయని దురదలో, నాలుగేండ్ల బిడ్డను బుజ్జగించి దానిని తొడుగుట ఎంతటి పనియో తొడిగిన తల్లియే చెప్పగలదు. "స్నానం చేయించేటప్పుడు చర్మం ఊడొస్తుందేమోనని భయంగా ఉందక్కా, నువ్వు నీళ్లెలా పోశావు?" అని వార్డు వరండాలో ఒక తల్లి మరియొక తల్లిని అడుగును. బిడ్డను కాల్చిన ఆ గిన్నెను పొయ్యిమీదినుండి దించి నేలపై పెట్టినది తానేనను అపరాధభావము, డాక్టరుగారి యెదుట ఎన్నడును పెదవి దాటనిది, ఆ మాట వెనుకనే వెలికివచ్చును.

ఇట్టి సంభాషణమును యాదృచ్ఛికతకు విడువక ఒక పద్ధతిగా తీర్చిన సంస్థలలో అమెరికాలోని ఫీనిక్స్ సొసైటీ ప్రసిద్ధమైనది. విమానప్రమాదములో తీవ్రముగా కాలి బ్రతికిన ఆలన్ బ్రెస్లా 1977లో దానిని స్థాపించెను. ఆ సంస్థ 'సోర్' అను పేర నడుపు కార్యక్రమములో, కోలుకొన్నవారికిని వారి కుటుంబసభ్యులకును శిక్షణమిచ్చి, ఆస్పత్రుల ద్వారా కొత్త రోగుల చెంతకు చేర్చుదురు. ఇట్టి పనికి వలయు శిక్షణములో నా దృష్టికి మిక్కిలి కఠినమైనది వినుట: వైద్యసలహా నీయకుండుట, విన్నదానిని గుట్టుగా నుంచుట, అన్నింటికి మించి తన కథ చెప్పి ఎదుటివాని కథను మ్రింగివేయకుండుట.

ఇక జీవనోపాధి మాట. తోటిబాధితుని పని చాలవరకు స్వచ్ఛందసేవయే. దానిపై జీతమాశించి వచ్చువారు భంగపడుదురని నిష్కర్షగా చెప్పుట మేలు. జీతముగల పదవులు దాని చుట్టును ఉన్నవి. ముడుచుకొనిన కీళ్లను సాగదీయు ఫిజియోథెరపిస్టు, చేతికి స్ప్లింటు అమర్చు ఆక్యుపేషనల్ థెరపిస్టు, భారత పునరావాస మండలి నమోదు పొందవలసిన క్లినికల్ సైకాలజిస్టు ఇందరును కావలసినవారే. అయినను ఏ డిగ్రీ తరువాతనైనను చేరదగిన రెండేండ్ల ఎం.ఎస్.డబ్ల్యూ. చదివి, వైద్య మనోవైద్య విభాగమును ఎన్నుకొని, మెడికల్ సోషల్ వర్కరగుటయే ఈ పనికి అత్యంత సమీపమైన త్రోవయని నా అభిప్రాయము. ఏ తల్లిని ఏ తల్లి కడకు పంపవలెనో నిర్ణయించునది, ఆరోగ్యశ్రీ కాగితములు చూచునది, బిడ్డ తిరిగి బడికి పోకముందే హెడ్మాస్టరుతోను తరగతి పిల్లలతోను మాటలాడునది ఆ ఉద్యోగియే. చట్టమును తెలియవలెను: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆమ్లదాడి బాధితులను పేరుపెట్టి చేర్చుకొన్నది, వేడినీళ్లకు కాలిన బిడ్డకో, అవయవముల కదలికలోని లోపమును బట్టియే సాధారణముగా ధ్రువపత్రము లభించును.

బాల్యమున తామే కాలి, నేడు ఈ సేవకు ఉబలాటపడు యువకులకొక మాట: మీ అనుభవము అమూల్యమే, కాని దానిని తలచినప్పుడెల్ల మీకే గొంతు పూడుకొనిపోవుచున్నచో మరికొంతకాలము ఆగుడు. తక్కినవారు దరఖాస్తు నింపుటకు ముందే, హైదరాబాదు ఉస్మానియాలోనో విశాఖపట్టణము కింగ్ జార్జి ఆస్పత్రిలోనో కాలినగాయముల వార్డు అధికారుల అనుమతి వేడి, కొన్నినాళ్లు ఆ పనిని దగ్గరగా చూచి, తట్టుకొనగలరో లేదో తేల్చుకొనుడు. ఫోను మాత్రము జేబులోనే ఉంచుడు. ఆ పిల్లల ఫోటోలు తీయవలదు.