గ్యాసు గోడపొయ్యి: గాలికి రెండు దారులు

పుష్యమాసపు చలిలో మన పెద్దలు కుంపటిలో బొగ్గులు రగిల్చి చేతులు కాచుకొనెడివారు. ఆ కుంపటి వసారాలోనో వాకిటనో ఉండెడిది. బాలింత గదిలో పెట్టవలసి వచ్చినప్పుడు తలుపు ఓరగా తెరచి ఉంచెడివారు. మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రపోరాదని అవ్వలు గట్టిగా చెప్పెడివారు. ఎందుకని మనము అడుగలేదు, వారును వివరింపలేదు. ఆ మాటలోని శాస్త్రమును నేడు మన కుంపటికి ఎంతో దూరమున నున్న వేరొక వస్తువును చూచి తెలిసికొందము. అది చలిదేశములవారు తమ యిండ్లలో అమర్చుకొను గ్యాసు గోడపొయ్యి.

గోడపొయ్యి కథ

బ్రిటను, కెనడా, అమెరికా ఉత్తర భాగము మున్నగు చోట్ల ఏటికి కొన్ని నెలలపాటు ఇంటిని వెచ్చచేసికొనక జీవించుట కష్టము. అందువలన అచటివారు పూర్వమునుండి కూర్చుండు గది గోడలో ఒక గూడు కట్టి, అందు కట్టెలో రాతిబొగ్గో కాల్చి, పొగను గోడలోని గొట్టము ద్వారా కప్పుపైకి పంపెడివారు. ఆంగ్లమున దీనిని ఫైర్‌ప్లేస్ అందురు. మేము ఈ పాఠమున గోడపొయ్యి అని వ్యవహరించుచున్నాము. ఉదకమండలము వంటి కొండ ఊళ్ళలో ఆంగ్లేయుల కాలపు పాత బంగళాలలో ఇట్టి గోడపొయ్యిలను ఇప్పటికిని చూడవచ్చును.

ఈ పొయ్యికి ఒక పెద్ద లోపము కలదు. మంటవలన పుట్టిన వేడిలో అధిక భాగము పొగతోపాటు పైకి పోవును. గదికి దక్కునది కొంచెమే. ఈ లోపమును సరిదిద్దుటకై అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740 దశకమున ఇనుప పలకలతో ఒక పొయ్యిని రూపొందించెను. 1796లో కౌంట్ రంఫర్డు అను శాస్త్రజ్ఞుడు గోడపొయ్యిలపై ఒక వ్యాసము ప్రకటించెను. గూటి లోతును తగ్గించి, ప్రక్కగోడలను ఏటవాలుగా కట్టి, పొగగొట్టపు కంఠమును ఇరుకు చేసినచో వేడి గదిలోనికి ఎక్కువగా ప్రసరించునని ఆయన చూపెను. అయినను కట్టెలు మోయుట, బూడిద ఎత్తుట, మసి దులుపుట ఇంటివారికి తప్పలేదు.

గ్యాసు వచ్చిన పిమ్మట ఆ చాకిరి తొలగినది. నేటి గ్యాసు గోడపొయ్యిలో వేడికి చెదరని మట్టితో చేసిన కృత్రిమపు కట్టెలుండును. వాని నడుమ గ్యాసు మండును. మీట త్రిప్పిన మంట పుట్టును. మరల త్రిప్పిన ఆరును. బూడిద లేదు, కంటికి పొగయు కనబడదు. అయితే కనబడని పొగ లేని పొగ కాదు. ఈ పాఠమున మనము గుర్తుంచుకొనవలసిన ప్రధానాంశము ఇదియే.

మంటకు కావలసినది

క్రొవ్వొత్తిని వెలిగించి దానిపై గాజుగ్లాసును బోర్లించిన, కొద్ది సేపటిలో మంట ఆరిపోవుటను మీరు తరగతిలో చూచియున్నారు. మంటకు ప్రాణవాయువు ఆహారము. సహజవాయువులో ముఖ్యభాగము మీథేను. ఒక ఘనపుటడుగు మీథేను పూర్తిగా కాలుటకు రెండు ఘనపుటడుగుల ప్రాణవాయువు కావలెను. గాలిలో ప్రాణవాయువు సుమారు అయిదవ వంతు మాత్రమే కనుక, ఆ మంటకు దాదాపు 10 ఘనపుటడుగుల గాలి అవసరమగును. మన వంటగ్యాసులోని ప్రోపేనునకు ఇంకను ఎక్కువ, సుమారు 24 ఘనపుటడుగులు కావలెను.

గాలి చాలినంత దొరకినప్పుడు గ్యాసు కాలి కార్బన్ డయాక్సైడుగను నీటి ఆవిరిగను మారును. గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మన రక్తములో ప్రాణవాయువును మోయు హిమోగ్లోబిను, ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన గట్టితనముతో ఈ విషవాయువును పట్టుకొనును. మొదట తలనొప్పి, పిదప తల తిరుగుట, వికారము, నీరసము కలుగును. నిద్రలో నున్నవాడు ఇవి యేవియు తెలియకయే స్పృహ కోల్పోవును. బొగ్గుల కుంపటి మూసిన గదిలో చేయు హాని ఇదియే. అవ్వ చెప్పిన మాటకు అర్థము ఇప్పుడు బోధపడినది కదా!

కావున ఏ మంటకైనను రెండు దారులు కావలెను. ఒకటి గాలి లోనికి వచ్చు దారి. రెండవది కాలిన వాయువులు బయటికి పోవు దారి. గ్యాసు గోడపొయ్యిని అమర్చుట యనగా ముఖ్యముగా ఈ రెండు దారులను అమర్చుటయే.

మూడు విధములు

మొదటి విధమున పాత కట్టెలపొయ్యి గూటిలోనే గ్యాసు బర్నరును, కృత్రిమపు కట్టెలను ఉంచుదురు. గాలి గదినుండి వచ్చును. పొగ పాత గొట్టము ద్వారా పోవును. ఏండ్ల తరబడి వాడని గొట్టములో పక్షులు గూళ్ళు కట్టియుండవచ్చును, ఇటుకలు పగిలియుండవచ్చును. అందువలన ముందుగా దానిని శుభ్రపరచి పరీక్షింపవలెను. గొట్టమును మూయు పలక ఎన్నడును పూర్తిగా మూసికొనకుండ బిగింపవలెను.

రెండవ విధమున పొయ్యి ముందుభాగమంతయు గాజుపలకతో మూయబడియుండును. ఒకదానిలో నొకటి దూర్చిన రెండు గొట్టములు గోడగుండ బయటికి పోవును. వెలుపలి గొట్టమునుండి బయటి గాలి మంటకు వచ్చును. లోపలి గొట్టమునుండి కాలిన వాయువులు బయటికి పోవును. గదిలోని గాలితో మంటకు సంబంధము లేదు. రెండు దారులును పొయ్యితోనే వచ్చుటచేత ఈ విధము మిక్కిలి క్షేమమైనది.

మూడవ విధమునకు పొగగొట్టమే లేదు. కాలిన వాయువులు గదిలోనికే వచ్చును. గదిలో ప్రాణవాయువు సుమారు 18 శాతమునకు తగ్గినచో గ్యాసును నిలిపివేయు సాధనము ఇందు అమర్చబడియుండును. అయినను నీటి ఆవిరి గోడలకు చెమ్మ పట్టించును. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఇండ్లలో ఈ విధమును అనుమతింపరు.

అమర్చు విధానము

తొలుత స్థలమును నిర్ణయింపవలెను. కొయ్య, తెరలు, తివాచీలు పొయ్యికి ఎంత దూరమున ఉండవలెనో తయారుచేసినవారు ఇచ్చిన పుస్తకమున వ్రాసియుండును. దానిని అక్షరాల పాటింపవలెను. పొగ వెలువడు చోటు కిటికీలకు దూరముగా ఉండవలెను. లేనిచో బయటికి పంపిన వాయువు కిటికీగుండ మరల ఇంటిలోనికే వచ్చును.

పిదప గ్యాసు గొట్టమును తెచ్చి, పొయ్యి దగ్గర చేతికందు చోట ఒక వాల్వును బిగింతురు. ఈ పని ఇంటి యజమాని చేయదగినది కాదు. బ్రిటనులో ఇట్టి పని చేయువారు గ్యాస్ సేఫ్ అను పట్టికలో నమోదై యుండవలెనని చట్టము. ఈ పట్టిక 2009 నుండి అమలులో నున్నది.

బర్నరులో గ్యాసు వచ్చు రంధ్రపు కొలతయు ముఖ్యమే. ఒక ఘనపుటడుగు ప్రోపేను, అంతే మీథేనుకంటె సుమారు రెండున్నర రెట్లు వేడి నిచ్చును. కనుక మీథేనునకై చేసిన పెద్ద రంధ్రముగుండ ప్రోపేనును పంపినచో, మంట మితిమీరి, గాలి చాలక, మసియు విషవాయువును పుట్టును. ఇంధనము మారినప్పుడు రంధ్రమును మార్చక తప్పదు.

అతుకులన్నిటికి సబ్బునీరు పూసి చూడవలెను. బుడగ లేచిన గ్యాసు కారుచున్నదని అర్థము. అగ్గిపుల్ల గీసి పరీక్షించుట ఎన్నటికిని కూడదు. కృత్రిమపు కట్టెలను కూడ పుస్తకమున చూపిన వరుసలోనే పేర్చవలెను. అందముకొరకు జరిపినచో మంట వానికి తగిలి మసి కట్టును. గాజుపలక చేయి తగిలిన కాలునంత వేడెక్కును. చిన్నపిల్లలు తాకకుండ దానిముందు రక్షణ తెర యుండవలెనని అమెరికాలో 2015 నుండి నిబంధన కలదు.

ఆరిన మంటకు కావలి

గాలి విసరి మంట ఆరినచో గ్యాసు ఇంటిని నింపదా? దీనికి ఉపాయము మీ భౌతికశాస్త్రముననే యున్నది. రెండు వేర్వేరు లోహపు తీగెలను కలిపి ఒక కొనను వేడిచేసిన విద్యుత్తు పుట్టునని 1821లో సీబెక్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనిన దృగ్విషయము తెలుపును. పొయ్యిలో ఎల్లప్పుడు వెలుగు చిన్న దీపము వంటి మంట యొకటి అట్టి తీగెలను వేడిచేయుచుండును. ఆ కొద్దిపాటి విద్యుత్తే వాల్వును తెరచి యుంచును. దీపము ఆరిన తీగెలు చల్లారును, విద్యుత్తు నిలుచును, వాల్వు తనంతట మూసికొనును.

ఒక పాఠశాల కథ

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున న్యూ లండన్ అను ఊరిలో ఒక పెద్ద పాఠశాల యుండెను. ఖర్చు తగ్గునని సమీపపు నూనెబావులనుండి వచ్చు మిగులు గ్యాసును గదులు వెచ్చచేయుటకు తెచ్చుకొనిరి. ఆ గ్యాసునకు వాసన లేదు. అది కట్టడము క్రింది ఖాళీ స్థలమున కారి నిండినను ఎవరును ఎరుగరైరి. 1937 మార్చి 18వ తేదీ మధ్యాహ్నము, బడి విడుచుటకు కొద్ది ముందుగా, ఒక విద్యుత్ యంత్రపు నిప్పురవ్వవలన అది అంటుకొని కట్టడము కూలెను. సుమారు 300 మంది మరణించిరి. వారిలో అత్యధికులు మీ యీడు పిల్లలే. ఆ సంవత్సరమే టెక్సాస్ ప్రభుత్వము గ్యాసునకు ఘాటైన వాసన చేర్చవలెనని శాసనము చేసెను. నేడు మన వంటింటి గ్యాసులో ముక్కుకు తగులు దుర్గంధము ఇట్టిదే. అది ప్రాణరక్షణకై కలిపిన వాసన.

అయితే ఒక భేదమును గమనింపుడు. ఈ వాసన కాలక కారు గ్యాసును మాత్రమే పట్టియిచ్చును. మంటలో వాసనయు కాలిపోవును గనుక, గాలి చాలని మంటనుండి పుట్టు కార్బన్ మోనాక్సైడును అది తెలుపజాలదు. దానికి గోడకు తగిలించు హెచ్చరిక గంట వేరుగా కావలెను.

మన యిండ్లకు వర్తించు నీతి

మన ఊళ్ళలో గోడపొయ్యి అవసరము లేదు. కాని స్నానపు నీటికై గ్యాసు గీజరును ఎందరో పెట్టించుకొనుచున్నారు. కిటికీ లేని చిన్న స్నానపుగదిలో, తలుపు బిగించుకొని, దానిని వెలిగించినవారు ప్రాణములు కోల్పోయిన వార్తలను మనము పత్రికలలో చదువుచున్నాము. గీజరు స్నానపుగది వెలుపల గాలి తగులు చోట ఉండవలెను. దాని పొగకు బయటికి దారి యుండవలెను. మీ యింట నున్నచో ఈ రెండును ఉన్నవో లేవో నేడే చూచి పెద్దలకు చెప్పుడు.

వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారిన గ్యాసు నేలబారుగా పరచుకొని మూలల నిలుచును. వాసన వచ్చినచో రెగ్యులేటరును మూసి, తలుపులు కిటికీలు తెరువవలెను. విద్యుత్ మీటలను వేయను రాదు, ఆర్పను రాదు. బయటికి వచ్చిన పిమ్మట 1906 అను అత్యవసర సంఖ్యకు తెలుపవలెను.

కుంపటియైనను, గీజరైనను, గోడపొయ్యియైనను మంట స్వభావ మొక్కటే. వచ్చు గాలికి దారి యిచ్చి, పోవు పొగకు దారి యిచ్చినవానికి అది సేవకుడు. ఆ దారులు మూసినవానికి శత్రువు.

ప్రశ్నలు

1. ఒక ఘనపుటడుగు మీథేను కాలుటకు సుమారు ఎంత గాలి కావలెను? ఎందువలన?
2. గాజుపలకతో మూసిన గోడపొయ్యి మిక్కిలి క్షేమమైనదని ఏల చెప్పుదురు?
3. గ్యాసులో కలిపిన వాసన ఏ అపాయమును తెలుపును? దేనిని తెలుపజాలదు?
4. మీ యింటిలో మంట వెలుగు ప్రతిచోటను గాలికి రెండు దారులు ఎచట నున్నవో చూచి వ్రాయుడు.