నానోఫ్లూయిడ్స్‌లో పీహెచ్‌డీ... చేరేముందు ఒక్క మాట

ఎమ్మెస్సీ మ్యాథ్స్ పూర్తిచేసి పీహెచ్‌డీ వైపు చూసేవాళ్లకు మన యూనివర్సిటీల్లో ముందుగా వినపడే పేరు ఫ్లూయిడ్ డైనమిక్స్. అందులో కొన్నేళ్లుగా ఎక్కువమంది చేతిలో కనిపిస్తున్న టాపిక్ నానోఫ్లూయిడ్స్. సీనియర్లు అదే చేశారనో, గైడ్ అదే ఇచ్చారనో చేరిపోతుంటారు. చేరడంలో తప్పులేదు. ఇందులో ఉద్యోగానికి అక్కరకొచ్చేదేంటో, థీసిస్ నింపడానికే పనికొచ్చేదేంటో తెలుసుకుని మరీ దిగాలి.

నీటి ఉష్ణవాహకత సుమారు 0.6 W/m·K. రాగిది అదే కొలతలో 400 దాకా ఉంటుంది. రాగి, అల్యూమినా లాంటివాటిని 100 నానోమీటర్ల లోపు కణాలుగా చేసి నీళ్లలో కలిపితే ఆ ద్రవం వేడిని బాగా లాగుతుందన్నది అసలు ఆలోచన. అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ లేబొరేటరీలో పనిచేసిన స్టీఫెన్ చోయ్ 1995లో దీనికి నానోఫ్లూయిడ్ అని పేరు పెట్టారు. 2006లో ఎంఐటీకి చెందిన బువాంజోర్నో మరో సంగతి చెప్పారు. కణాలు ద్రవంతో పాటే పోవు, బ్రౌనియన్ చలనం వల్లా, వేడి చోటి నుంచి చల్లని చోటికి జరిగే థర్మోఫోరెసిస్ వల్లా విడిగానూ కదులుతాయి. దాంతో వేగం, ఉష్ణోగ్రత సమీకరణాలకు గాఢత సమీకరణం కూడా జతయింది. హీట్ ట్రాన్స్‌ఫర్‌కు మాస్ ట్రాన్స్‌ఫర్ తోడయ్యేది ఇక్కడే.

మొదట్లో వచ్చిన ప్రయోగ ఫలితాలు చూసి అందరూ తెగ సంబరపడ్డారు. 2009లో 30కి పైగా సంస్థలు ఒకే రకం శాంపిళ్లను కొలిచి చూస్తే ఉష్ణవాహకతలో వింత పెరుగుదలేమీ కనపడలేదు. 19వ శతాబ్దంలో మాక్స్‌వెల్ ఇచ్చిన సూత్రమే దాదాపు సరిపోయింది. ఆ సూత్రంలో మీరే వేసి చూడండి: నీళ్లలో ఘనపరిమాణంలో 1 శాతం అల్యూమినా కలిపితే ఉష్ణవాహకత పెరిగేది సుమారు 3 శాతం. ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారం స్నిగ్ధత కూడా 2.5 శాతం పెరుగుతుంది, అంటే పంపు మీద భారం. ఈ లెక్క తెలియకుండానే పేపర్ మొదటి పేరాలో ‘అద్భుతమైన కూలెంట్’ అని రాసేస్తుంటారు. ఇంటర్వ్యూ బోర్డులో ఒక్క మెకానికల్ ప్రొఫెసర్ ఉన్నా మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

ఇక రోజువారీ పని. 1970లో క్రేన్ ఇచ్చిన స్ట్రెచింగ్ షీట్ సమస్యనే తీసుకోండి. సాగుతున్న షీటు మీద ద్రవం పారుతుంటుంది. సిమిలారిటీ ట్రాన్స్‌ఫర్మేషన్‌తో పీడీఈలు ఓడీఈ అవుతాయి. షీటు దగ్గర రెండు కండిషన్లు, అనంతం దగ్గర ఒకటి. షీటు దగ్గర తెలియని విలువను ఊహించి, రంగె-కుట్టాతో ముందుకు నడిపి, అటు చివర కండిషన్ కుదిరేదాకా సరిచేస్తూ పోవడమే షూటింగ్ మెథడ్. అనంతం కంప్యూటర్‌కు ఎక్కదు కాబట్టి ఎక్కడో ఓ చోట ఆపాలి. తిప్పలన్నీ అక్కడే. సిమిలారిటీ వేరియబుల్ 2 దగ్గర ఆపితే వేగం ఇంకా 13 శాతానికి పైనే మిగిలి ఉంటుంది. దాన్ని బలవంతంగా సున్నా చేస్తే గ్రాఫ్ అందంగానే వస్తుంది గానీ జవాబు తప్పు. 10 దాకా తీసుకెళ్తే ఇబ్బంది లేదు. అదృష్టం కొద్దీ ఈ సమస్యకు కచ్చితమైన జవాబు ఉంది. షీటు దగ్గర సిమిలారిటీ ఫంక్షన్ రెండో డెరివేటివ్ మైనస్ 1 రావాలి. అయస్కాంత క్షేత్రం కలిపి మాగ్నెటిక్ పారామీటర్ 3 పెడితే మైనస్ 2 రావాలి. మీ కోడ్ ఈ రెండూ ఇచ్చాకే నానో కణాల జోలికి వెళ్లాలి.

ఈ రంగంలో నాకు నచ్చని సంగతి కూడా చెప్పేస్తాను. అదే షీటు మీద అయస్కాంత క్షేత్రంతో ఒక పేపర్, రేడియేషన్ కలిపి ఇంకోటి, కెమికల్ రియాక్షన్ కలిపి మరోటి. పారామీటర్ పెరిగితే ఉష్ణోగ్రత పెరిగింది, తగ్గితే తగ్గింది అని రాసుకుంటూ పోవడం. ఇలా పేపర్ల సంఖ్య పెరుగుతుంది, చేతిలో విద్య మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఉద్యోగాల మార్కెట్ అడిగేది వేరు. విద్యుత్ వాహనాల బ్యాటరీలు, డేటా సెంటర్లు, ఎలక్ట్రానిక్స్ కూలింగ్... వీటిలో పనిచేసే సీఎఫ్‌డీ (కంప్యూటేషనల్ ఫ్లూయిడ్ డైనమిక్స్) ఇంజినీర్లకు ఫైనైట్ వాల్యూమ్ మెథడ్, మెష్ వేయడం, ఫలితాన్ని ప్రయోగంతో సరిపోల్చడం వచ్చుండాలి. మ్యాథ్స్ వాళ్లకు ఈ దారి మూసుకుపోలేదు. పటాంకర్ 1980లో రాసిన ‘న్యూమరికల్ హీట్ ట్రాన్స్‌ఫర్ అండ్ ఫ్లూయిడ్ ఫ్లో’ ఇప్పటికీ మంచి మొదటి పుస్తకం. ఓపెన్‌ఫోమ్, పైథాన్ ఉచితమే. ఎన్‌పీటీఈఎల్ పాఠాలూ అంతే. బీటెక్ మెకానికల్, కెమికల్ వాళ్లకు ఫిజిక్స్ తెలుసు గానీ న్యూమరికల్ మెథడ్స్ దగ్గర తడబడతారు. మ్యాథ్స్ వాళ్లది దానికి సరిగ్గా తలకిందులు.

పరీక్షల విషయంలో ఒక మెలిక ఉంది. సీఎస్ఐఆర్ నెట్ మ్యాథ్స్ సిలబస్‌లో అవకలన సమీకరణాలు, న్యూమరికల్ అనాలిసిస్ ఉన్నాయి, ఫ్లూయిడ్ డైనమిక్స్ మాత్రం లేదు. గేట్‌లో ఎక్స్ఈ పేపర్ తీసుకుంటే ఇంజినీరింగ్ మ్యాథ్స్‌తో పాటు ఫ్లూయిడ్ మెకానిక్స్, థర్మోడైనమిక్స్ సెక్షన్లు ఎంచుకోవచ్చు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆ తర్వాత రూ.42,000, పైగా హెచ్‌ఆర్‌ఏ. ఫెలోషిప్ లేకుండా చేరేవాళ్లు ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. పూర్తికావడానికి నాలుగైదేళ్లు పట్టే పని ఇది.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు పేపర్ల జాబితా ఒక్కటే చూడకండి. అక్కడి సీనియర్ స్కాలర్‌ను కలిసి, తన చివరి పేపర్‌లోని ఒక్క టేబుల్‌ను మీ ముందే కోడ్ నడిపి తీసి చూపించమని అడగండి. నడిపి చూపించగలిగితే చేరండి. ఆ కోడ్ ఎక్కడుందో కూడా తెలియదంటే ఇంకో డిపార్ట్‌మెంట్ చూసుకోండి.