ఇంటర్న్‌షిప్ కోసం హైదరాబాద్ బస్సెక్కక్కర్లేదు

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, మొవ్వ, కూచిపూడి, పామర్రు వైపు డిగ్రీ పిల్లలున్న ఇళ్లలో ఒకటే మాట: "హైదరాబాద్‌లో బాబాయికి తెలిసిన సాఫ్ట్‌వేర్ కంపెనీ ఏదైనా ఉందేమో ఫోన్ చేసి కనుక్కోరా." పిల్లాడు చదివేది బీఎస్సీ కెమిస్ట్రీ. కోడింగ్ రాదు, దాని మీద ఇష్టమూ లేదు. అయినా ఇంటర్న్‌షిప్ అంటే కంప్యూటర్ ముందే చేయాలి, అదీ పెద్ద ఊళ్లోనే చేయాలి అనే నమ్మకం తల్లిదండ్రుల్లో పాతుకుపోయింది.

2020-21లో చేరిన బ్యాచ్ నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో మూడేళ్ల డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ జోడించారు. మీ బ్యాచ్‌కి ఏ సెమిస్టర్లో ఎన్ని నెలలో కాలేజీలో మెంటర్‌ని అడగండి.

నా భయమంతా డబ్బు గురించి. "ఇంత కట్టండి, ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు రిపోర్టు, సర్టిఫికెట్ అన్నీ మేమే చూసుకుంటాం" అనే వాట్సాప్ ప్రకటనలు నమ్మకండి. ఆ కాగితం కొనేసి, ఇంటర్న్‌షిప్ చేయాల్సిన నెలల్లో బ్యాంకు కోచింగ్‌లో కూర్చునే పిల్లలున్నారు. రేపు ఇంటర్వ్యూలో "ఈ ప్రాజెక్టులో నువ్వు చేసిన పనేమిటి?" అని అడిగితే నోట మాట రాదు. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం అప్రెంటిస్‌ని పెట్టుకున్న సంస్థే అతనికి నెలనెలా స్టైపెండ్ ఇవ్వాలి. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలోనూ నెలకు 5,000 రూపాయలు అభ్యర్థికే అందేలా పెట్టారు. పని నేర్చుకునేవాడే ఎదురు డబ్బు కట్టాల్సి వస్తోందంటే వాళ్లు అమ్ముతున్నది సర్టిఫికెట్టే. హైదరాబాద్ వెళ్తే దానిపైన హాస్టల్ ఖర్చు, ప్రయాణాలు. ధాన్యం అమ్మిన డబ్బు వాటికి పోయకండి.

ముందు మీ పిల్లకి చేతనైనదేమిటో చూడండి. ప్రాక్టికల్స్‌లో బ్యూరెట్ పట్టుకుంటే చెయ్యి వణకని అమ్మాయికి బంటుమిల్లి, కృత్తివెన్ను, నాగాయలంక వైపు రొయ్యల రైతులకు నీటి పరీక్షలు చేసే ల్యాబులు సరిపోతాయి. రైతు తెల్లారకముందే చెరువు నీళ్లు సీసాలో పట్టి తెస్తాడు. కాఠిన్యం చూడాలంటే చుక్కచుక్కగా ద్రావణం వదులుతూ, నీళ్లు ద్రాక్ష ఎరుపు నుంచి నీలానికి తిరిగే క్షణం పట్టుకోవాలి. కాలేజీలో మార్కుల కోసం చేసిన టైట్రేషనే అది. ఇక్కడ ఆ అంకె చూసి చెరువుకి ఏం వేయాలో రైతు నిర్ణయించుకుంటాడు. తప్పు చెబితే నష్టం అతనిది. ఆ బాధ్యత ఏ ఆన్‌లైన్ కోర్సూ నేర్పదు.

లెక్కలు ఇష్టపడే బీకాం పిల్లలకు నేను మొదట చెప్పేది పెడన. కలంకారీ షెడ్డులో గుడ్డని కరక్కాయ నీళ్లలో ముంచడం, అచ్చు వేయడం, ఉతకడం, ఉడకబెట్టడం, ప్రతి మెట్టుకీ ఖర్చుంది. రంగులు, పటిక, కట్టెలు, కూలి కలిపి మీటరుకి ఎంత పడుతుందో మీ అబ్బాయి కాగితం మీద తేల్చగలిగితే కాస్టింగ్ పాఠం వచ్చేసినట్టే. ఫొటోలు బాగా తీసే పిల్లలు చిలకలపూడి కవరింగ్ నగల వ్యాపారుల్ని అడగొచ్చు. మొక్కల మీద ఆసక్తి ఉంటే ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. డిప్లొమా, ఐటీఐ పిల్లలు బందరు బీఈఎల్ అప్రెంటిస్ నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచాలి.

ఇవి చెబితే కొందరు తండ్రులు వెంటనే, "రొయ్యల నీళ్లు చూడ్డానికా ఇంత చదివించింది?" అంటారు. దయచేసి పిల్లల ముందు ఆ మాట అనకండి. అప్పటిదాకా ఉత్సాహంగా ఉన్న పిల్ల ఆ మాటతో నోరు మూసుకుంటుంది, మీరు చూపించిన చోటికి తలొంచుకుని వెళ్తుంది.

అడగడానికి కూడా పిల్లల్నే పంపండి, సిఫార్సు ఫోన్లు వద్దు. "నాకు ఇది వచ్చు, ఇది నేర్చుకోవాలనుంది, నేర్పేదెవరు?" అని వాళ్ల నోటితో వాళ్లే అడగాలి. చేరాక రోజూ చేసిన పని నోటుబుక్కులో రాసుకోవాలి. రెండు వారాలైనా టీలు తెప్పించుకోవడం, జిరాక్సులకు తిప్పడం తప్ప పని చూపించట్లేదంటే, గడువు ముగిసేదాకా ఓర్చుకోనవసరం లేదు. ఆ నోటుబుక్కు తీసుకెళ్లి మెంటర్‌కి చూపించి వేరే చోటికి మార్చమని అడగండి.