ధ్రువిత కాంతిలో స్ఫటిక చిత్రములు

ఉప్పు, నిమ్మ ఉప్పు రెండును తెల్లని పదార్థములే. చూపునకు వాటి భేదము అంతగా తోచదు. ఛాయాచిత్రములు తీయదలచి మేము మొదట సాధారణ ఉప్పును ఎన్నుకొంటిమి. కెమెరాలో చీకటి తప్ప మరేమియు కనబడలేదు. దీపమును మార్చితిమి, పలకలను తుడిచితిమి, ఫలితము లేకపోయెను. లోపము పరికరములదే యని తలచి నిరాశ చెందితిమి.

మా పద్ధతి యిది. పోలరాయిడ్ పలక ఒకే దిశలోని కాంతి కంపనములను సాగనిచ్చును. ఇట్టి కాంతినే ధ్రువిత కాంతి యందురు. రెండవ పలకను మొదటి దానికి 90 డిగ్రీల కోణములో నుంచినచో వెలుగు దాదాపు పూర్తిగా ఆగిపోవును. ఈ రెండింటి నడుమ స్ఫటికముల నుంచి, కటకమును దగ్గరకు చేర్చి చిత్రము తీయవలెను.

మరునాడు నిమ్మ ఉప్పు ద్రావణమును గాజు పలకపై పలుచగా పరచి, దుమ్ము పడకుండ ఆరనిచ్చితిమి. దానిని అదే స్థానములో నుంచగానే నీలము, పసుపు, ఎరుపు రంగులు విసనకఱ్ఱల వలె విచ్చుకొన్నవి. మేము ఏ రంగును కలుపలేదు!

కారణమేమి? 1669లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఎరాస్మస్ బార్తొలిన్, ఐస్‌లాండ్ స్పార్ స్ఫటికము గుండ చూచిన వస్తువు రెండుగా కనబడునని ప్రకటించెను. ఇదియే ద్వివక్రీభవనము. నిమ్మ ఉప్పు స్ఫటికమునకును ఈ గుణము కలదు. అందు ప్రవేశించిన కాంతి రెండుగా చీలి, వేర్వేరు వేగములతో సాగును, ఒకటి వెనుకబడును. రెండవ పలక వాటిని ఒకే దిశకు తెచ్చి కలుపగా కొన్ని రంగులు క్షీణించి, తక్కినవి ప్రకాశించును. స్ఫటికపు మందము, అది నిలిచిన దిశ మారిన కొలది వర్ణములును మారును. శిలలను సుమారు 0.03 మిల్లీమీటరు మందము గల పొరలుగా అరగదీసి, ఈ వర్ణముల సాయముతోనే భూగర్భ శాస్త్రజ్ఞులు అందలి ఖనిజములను గుర్తింతురు.

ఉప్పు స్ఫటికము ఘనాకృతి వ్యవస్థకు చెందినది. అందు కాంతి వేగము అన్ని దిశలలోను సమానము. కనుక కాంతి చీలదు, రంగు పుట్టదు. మా పరికరములలో లోపము లేదు. ఉప్పు తన స్వభావమునే తెలిపినది. మేము పారవేయదలచిన ఆ చీకటి చిత్రమును నేడు రంగుల చిత్రము ప్రక్కనే భద్రపరచితిమి. ఒకటి లేక రెండవది అర్థము కాదు.

ఈ ప్రయోగమును చేయగోరు విద్యార్థులకు ఒక సులభోపాయము: ఎల్.సి.డి. కంప్యూటరు తెర నుండి వెలువడు కాంతి ధ్రువితమైనదే. తెరపై తెల్లని వెలుగు నింపుకొనినచో కెమెరా ముందు ఒక్క పోలరాయిడ్ పలక చాలును.