లాసా దారిలో దించుకున్న బరువులు

నాలుగేళ్ళ కిందట సెప్టెంబరులో మేం నలుగురం కేదార్‌నాథ్ బయల్దేరాం. సోన్‌ప్రయాగ్ దాకా బాగానే వెళ్ళాం. పైన కొండచరియలు విరిగిపడ్డాయని, వాన తగ్గేదాకా ఎవర్నీ వదలమని అక్కడ ఆపేశారు. ఒక రోజు ఆగాం. రెండో రోజు సాయంత్రానికి వాన తెరిపిచ్చింది కానీ దారి మాత్రం తెరవలేదు. మర్నాడు రాత్రికి హరిద్వార్‌లో మా తిరుగు రైలు. వెంట మూడు పెద్ద సూట్‌కేసులు, కుక్కరు, బియ్యం, పచ్చళ్ళ సీసాలు. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియదు, రైలు వదులుకుంటే మళ్ళీ టికెట్లు దొరుకుతాయో లేదో తెలియదు. లాడ్జి మెట్ల మీద కూర్చుని మా వదిన కొండకేసి చూస్తూ, "ఇంత దూరం వచ్చి స్వామిని చూడకుండా పోతున్నాం" అని కళ్ళొత్తుకుంది. వెనక్కి వచ్చేశాం. మేం బస్సెక్కిన మధ్యాహ్నమే దారి తెరిచారని తర్వాత తెలిసింది.

మమ్మల్ని ఆపింది కొండా, సామానా అన్న ఆలోచన చాలా రోజులు వదల్లేదు. అలాంటి రోజుల్లోనే అలెగ్జాండ్రా డేవిడ్ నీల్ కథ చదివాను. టిబెట్ రాజధాని లాసాలో అడుగుపెట్టిన తొలి యూరోపియన్ మహిళ. 1924 ఫిబ్రవరిలో ఆమె అక్కడికి చేరేనాటికి వయసు యాభై అయిదేళ్ళు. ఆ పయనం గురించి చెప్పేవాళ్ళంతా ఆమె ధైర్యం గురించే చెబుతారు. నాకు మాత్రం ఆమె ఒక్కొక్కటిగా దించుకుంటూ వెళ్ళిన బరువులే కనిపించాయి.

1911 ఆగస్టులో ఆమె భర్తతో ఏడాదిన్నరలో వచ్చేస్తానని చెప్పి ఆసియాకు ఓడెక్కింది. భర్త ఫిలిప్ నీల్ ట్యునీషియాలో రైల్వే ఇంజనీరు. ఆమె అంతకుముందు ఒపేరా గాయని, బౌద్ధం చదువుకున్న మనిషి. పుదుచ్చేరిలో అరవిందుల్ని చూసింది, మద్రాసు అడయారులో దివ్యజ్ఞాన సమాజంలో బస చేసింది, అటునుంచి సిక్కిం చేరింది. 1912లో కాలింపాంగ్‌లో పదమూడో దలైలామాను కలిసినప్పుడు ఆయన చెప్పింది ఒక్కటే: టిబెటన్ భాష నేర్చుకోమని. ఆమె ఆ మాట పట్టుకుంది. సిక్కిం కొండల్లో లాచెన్ దగ్గర ఒక లామా శిష్యురాలిగా గుహలో గడిపింది. యోంగ్‌డెన్ అనే సిక్కిం కుర్రవాడు వంటా పనీ చూసుకోవడానికి వచ్చి, చివరికి ఆమెకు పెంపుడు కొడుకయ్యాడు.

1916లో అనుమతి లేకుండా సరిహద్దు దాటి టిబెట్‌లోని షిగాట్సే వెళ్ళింది. అక్కడి పెద్ద లామా అయిన పంచెన్ లామా ఆదరించాడు. తిరిగి వచ్చేసరికి బ్రిటిష్ అధికారులు సిక్కిం విడిచి పొమ్మన్నారు. విదేశీయులకు టిబెట్ నిషేధం. ఆ నిషేధాన్ని దక్షిణం వైపు కాపలా కాస్తున్నది బ్రిటిష్‌వాళ్ళే. యూరప్‌కు వెళ్దామంటే అక్కడ మొదటి ప్రపంచ యుద్ధం.

ఇలాంటి చోట మనం సాధారణంగా రెండింట్లో ఒకటి చేస్తాం. అదే తలుపు మళ్ళీ మళ్ళీ బాదుతాం, లేదా 'మనకు రాసిపెట్టి లేదు' అని ఇంటికొచ్చేస్తాం. మొదటిదాన్ని పట్టుదల అనుకుంటాం, రెండోదాన్ని వివేకం అనుకుంటాం. ఆమె ఈ రెండూ చేయలేదు. దక్షిణం తలుపు మూస్తే తూర్పు తలుపు కోసం బయల్దేరింది. జపాన్, కొరియా, అక్కణ్ణుంచి పెకింగ్. అంతర్యుద్ధంలో ఉన్న చైనాను అడ్డంగా దాటుకుని 1918లో టిబెటన్లుండే ఆమ్దో ప్రాంతంలోని కుంబుమ్ మఠం చేరింది. సిక్కిం నుంచి లాసా కొన్ని వారాల దారి. దానికి బదులు సగం ఆసియాను చుట్టి రావడానికి సిద్ధపడింది. అంటే అప్పటికే ఒక బరువు దించేసింది, తొందర అనే బరువు.

కుంబుమ్‌లో దాదాపు మూడేళ్ళు ఉంది. ఇక్కడ కాసేపు ఆగాలి. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు పెద్దగా పట్టించుకోని భాగం ఇదే. ఏమీ జరగని కాలం. లాసా వైపు ఒక్క అడుగు పడలేదు. పొద్దున్నే లేవడం, చదవడం, ప్రజ్ఞాపారమిత అనే బౌద్ధ గ్రంథాలు అనువదించడం. మన నాగార్జునాచార్యుడి పేరుతో విడదీయలేనంతగా పెనవేసుకున్న గ్రంథాలవి. కృష్ణాతీరపు ఆచార్యుడి ఆలోచనను ఒక ఫ్రెంచి మహిళ మంచుకొండల మఠంలో కూర్చుని మథించిందంటే తెలుగువాడిగా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఆ మూడేళ్ళూ ఆమె భాష పదును తేలింది. జపాలు, ప్రార్థనలు, పల్లెటూరి మాటతీరు, మర్యాదలు, శాపనార్థాలతో సహా ఒంటబట్టాయి. బయటినుంచి చూసేవాళ్ళకు అది ఆగిపోయిన ప్రయాణం. నిజానికి ఆ తర్వాత ఆమె ప్రాణం నిలబెట్టిన సరంజామా అంతా అప్పుడు చేకూరిందే. దానికి తూకం లేదు, మోయడానికి కూలీ అక్కర్లేదు.

మీ ప్రయాణం ఎక్కడైనా ఆగిపోయి ఉంటే, ఉద్యోగం రాక, వీసా రాక, ఆరోగ్యం సహకరించక ఇంట్లో కూర్చుని ఉంటే, ఒక ప్రశ్న వేసుకోండి. దారి రేపే తెరుచుకుంటే ఇవాళ నాకు చేతకాని పని ఏది? ఆ పని ఇప్పుడే మొదలుపెట్టండి. రోజుకో గంట చాలు. ఎదురుచూపుకి పని తోడైతే గడిచిన నెలలు లెక్కలోకి వస్తాయి. లేకపోతే అవే నెలలు మనసును తినేస్తాయి.

1921లో అలెగ్జాండ్రా మళ్ళీ బయల్దేరింది. ఈసారి కంచరగాడిదలు, నౌకర్లు, డేరాలు ఉన్నాయి. దారిలో జనం ఆమెను గొప్ప మహిళా లామాగా గౌరవించారు. ఆ గౌరవమే చిక్కు తెచ్చింది. అంత బిడారు ఏ ఊరికి చేరినా కబురు ఆమెకంటే ముందే వెళ్తుంది. తూర్పు టిబెట్‌లోని ఖాం ప్రాంతంలో అధికారులు ఆపారు, వెనక్కి మళ్ళించారు. ఎన్ని అడ్డంకులొచ్చినా లాసా చేరతానని ఆమె ఒట్టు పెట్టుకున్నది ఇలాంటి నిరాకరణల మధ్యనే.

ఒట్టు పెట్టుకున్నాక ఏం చేసిందన్నది ముఖ్యం. ఇంకా పెద్ద బిడారు కట్టలేదు, ఇంకా పెద్ద సిఫారసు వెతకలేదు. తనను పట్టిచ్చినవి ఏవో చూసుకుని వాటన్నిటినీ వదిలేసింది. 1923 అక్టోబరులో యున్నాన్‌లో మెకాంగ్ నది ఒడ్డునుంచి, మొక్కలు సేకరించడానికి కొద్ది రోజులు వెళ్తున్నామని చెప్పి బయల్దేరింది. మొదట వెంటవచ్చిన ఇద్దరు కూలీలను కూడా ఏదో పని చెప్పి చెరో వైపు పంపేసింది. ఇక మిగిలింది తల్లీకొడుకులు. యోంగ్‌డెన్ యాత్రకు వెళ్ళే పేద లామా, ఆమె అతని ముసలి తల్లి. జుట్టుకు నల్ల సిరా, దానికి జడల బర్రె వెంట్రుకల సవరం, ముఖానికి కోకో పొడి, బొగ్గు పొడి. చేతిలో ఒక సత్తు గిన్నె, రెండు దొప్పలు, తేయాకు, వెన్న, మన సత్తుపిండి లాంటి వేయించిన బార్లీ పిండి. బట్టల లోపల ఒక రివాల్వరు, చిన్న దిక్సూచి, కొంత బంగారం, వెండి నాణేలు. అంతే.

నాలుగు నెలలు నడక. మొదట్లో రాత్రుళ్ళు నడిచి పగళ్ళు దాక్కున్నారు. ఒక నది దాటేటప్పుడు తాడుకు కట్టుకుని లాగుతుండగా లాగుడు తాడు తెగి, ఒక టిబెటన్ అమ్మాయితో కలిసి నీళ్ళ మీద గాలిలో వేలాడింది. భయంతో బిగుసుకుపోయిన ఆ పిల్లకు ధైర్యం చెబుతూ ఉండగా అవతలివాళ్ళు వచ్చి బాగుచేశారు. మంచు కొండల్లో యోంగ్‌డెన్ జారిపడి చీలమండ బెణికింది. తిండి అయిపోయిన ఒక రోజు బూట్లకు పూసే కొవ్వు ముక్కనూ, అడుగు వేయించుకోడానికి దాచుకున్న తోలు ముక్కల్నీ నీళ్ళలో ఉడికించి తాగారు. ఒక రాత్రి కనుమ దాటాక చెకుముకి తడిసి నిప్పు రాజుకోలేదు. సిక్కిం గుహలో నేర్చుకున్న సాధనతో ఒంట్లో వేడి పుట్టించి, చెకుముకిని బట్టల్లో ఆరబెట్టి మంట వేశానని ఆమె రాసుకుంది. దొంగలు యోంగ్‌డెన్ దగ్గర రెండు రూపాయలు లాక్కుంటే రివాల్వరు తీయలేదు. ముసలి తల్లిలా గుండెలు బాదుకుంటూ భయంకర దేవతల పేర్లన్నీ ఎత్తి శపించింది. దొంగలే బెదిరి డబ్బు తిరిగిచ్చారు.

గమనించండి, ఆపదలో ఆదుకున్నవాటిలో చాలావరకు మూటలో మోసుకొచ్చినవి కావు.

ఆమె దించిన బరువుల్లో అన్నిటికంటే పెద్దది నా దృష్టిలో హోదా. పల్లెల్లో మహిళా లామాగా పాదనమస్కారాలు అందుకున్న మనిషి, నలుగురి ఇళ్ళ ముందూ బిచ్చమెత్తింది, వాళ్ళు పెట్టిన చోట పడుకుంది, విదిలింపులు పడింది. మనలో చాలామంది రెండో ప్రయత్నం దగ్గర ఆగిపోయేది ఇక్కడే. డబ్బు లేక ఆగం, శక్తి లేక ఆగం. 'మళ్ళీ మొదటినుంచా? నలుగురూ ఏమనుకుంటారు?' అని ఆగుతాం. ఉద్యోగం పోయిన పదేళ్ళ అనుభవజ్ఞుడు చిన్న కంపెనీలో తక్కువ జీతానికి చేరడానికి తటపటాయిస్తాడు. అమెరికా వీసా నిరాకరణ కాగితం మీద 214(బి) అన్న అంకె చూసిన విద్యార్థి, స్వదేశానికి తిరిగొస్తానని అధికారికి ఎందుకు నమ్మకం కలగలేదో ఆలోచించకుండా, బట్టీ పట్టిన అవే జవాబులతో రెండోసారి వెళ్తాడు. ఆ జవాబులు తప్పని ఒప్పుకోవడం కూడా ఒక బరువు దించడమే.

కాబట్టి అడ్డు తగిలినప్పుడు, ఆ కోపం చల్లారాక, ఒక కాగితం తీసుకోండి. నన్ను పట్టిచ్చింది ఏది, ఆలస్యం చేసింది ఏది, వెనక్కి లాగింది ఏది అని రాయండి. 'అదృష్టం' అన్న మాట రాయొద్దు. దానితో మీరు చేయగలిగిందేమీ లేదు. చేరాల్సిన చోటు పేరు కాగితం పైన రాసి దాన్ని ముట్టుకోకండి. కింద ఉన్నవాటిలో ఒక్కటి కొట్టేయండి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆమె పట్టుదలకు వేరేవాళ్ళు కూడా మూల్యం చెల్లించారు. 1916లో ఆమె సరిహద్దు దాటినందుకు లాచెన్ ఊరివాళ్ళకు జరిమానా పడింది. ఏడాదిన్నర అని వెళ్ళిన భార్య కోసం ఫిలిప్ నీల్ పద్నాలుగేళ్ళు డబ్బు పంపాడు, ఉత్తరాలు అందుకున్నాడు. 1925లో ఆమె తిరిగొచ్చాక వాళ్ళు మళ్ళీ కలిసి కాపురం చేయలేదు. ఆమెను ఎంత గౌరవించినా, ఈ లెక్కను నేను కొట్టేయలేను. మీ లక్ష్యం కోసం ఎవరు ఏం మోస్తున్నారో అప్పుడప్పుడు అడిగి తెలుసుకోండి. అమ్మ తాకట్టు పెట్టిన గాజులు, భార్య వదులుకున్న బదిలీ, తమ్ముడు మానుకున్న చదువు. మీ మూట తేలికవుతున్నదని మీరు సంతోషించేవేళ అది వాళ్ళ భుజాల మీదికి చేరిందేమో చూసుకోవాలి.

మా సంగతికి వస్తాను. మరుసటి ఏడాది మే నెలలో మళ్ళీ వెళ్ళాం. మనిషికో సంచి, రెండు జతల బట్టలు, వానకోటు. తిరుగు టికెట్టుకు నాలుగు రోజులు అదనంగా పెట్టుకున్నాం. సోన్‌ప్రయాగ్‌లో ఈసారి కూడా ఆపారు. ఒకటిన్నర రోజు. ఎవరూ కంగారు పడలేదు. రెండో మధ్యాహ్నం వదిలారు. గౌరీకుండ్ నుంచి పదహారు కిలోమీటర్ల నడక. సగం దారిలో వదినకు మోకాళ్ళు పట్టేశాయి. "డోలీ మాట్లాడనా వదినా?" అంటే, "ఉండవయ్యా, కాసేపు కూర్చుంటే అదే పోతుంది" అంది. రెండు చోట్ల కూర్చుంది, రాత్రికి చేరింది. తెల్లవారి దర్శనమయ్యాక ఏమీ మాట్లాడలేదు. గుడి వెనక మంచు కొండను చూస్తూ చాలాసేపు నిలబడిపోయింది.

అలెగ్జాండ్రా లాసా చేరిన రోజు దుమ్ము తుఫాను రేగి ఊరిని కమ్మేసిందని, దాని చాటున ఎవరి కంటా పడకుండా లోపలికి వెళ్ళామని రాసింది. దారిలో ఎదురైన ఒకామె వాళ్ళను బిచ్చగాళ్ళుండే సత్రానికి తీసుకెళ్ళింది. అక్కడే రెండు నెలలు ఉండి కొత్త సంవత్సరం పండుగలు చూసింది, యాత్రికుల గుంపులో కలిసి పొటాలా ప్రాసాదం ఎక్కింది. ఫ్రాన్స్ తిరిగొచ్చి డీన్య్ అనే కొండ ఊళ్ళో ఇల్లు ఏర్పరచుకుని పుస్తకాలు రాస్తూ బతికింది. యోంగ్‌డెన్ 1955లో ఆమెకంటే ముందే పోయాడు. నూరేళ్ళు నిండాక, ఇంట్లో నాలుగడుగులు వేయడం కూడా కష్టమైన దశలో, ఆమె పాస్‌పోర్టును మళ్ళీ కొత్తది చేయించుకుంది.