బిడ్డ మెదడుకు రెండు భాషలు బరువా?



మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి నుండి టీకాలకు వచ్చే తల్లులు మమ్మల్ని తరచుగా అడుగుతారు: "సిస్టర్, అత్తమ్మ బాబుతో తెలుగే మాట్లాడుతున్నారు. స్కూల్లో ఇంగ్లీషు. వాడి బుర్ర గందరగోళం అవదా?"

అవదమ్మా. పుట్టినప్పుడు బిడ్డ మెదడు సుమారు 350 నుండి 400 గ్రాములుంటుంది. రెండేళ్లు నిండేసరికి పెద్దవారి మెదడులో దాదాపు ముప్పాతిక వంతుకు పెరుగుతుంది. ఆ రోజుల్లో నరాల కణాల మధ్య లెక్కలేనన్ని లింకులు ఏర్పడతాయి. వాడుకలో ఉన్నవి గట్టిపడతాయి, వాడనివి రాలిపోతాయి. ఎదుట మనిషి ముఖం చూస్తూ విన్న మాటలే బిడ్డకు బాగా అంటుతాయి, సెల్ ఫోన్ పాటలు అంతగా కాదు. మూడేళ్ల పాప ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపితే అది జబ్బు కాదు. అయితే రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి చెప్పకపోతే "రెండు భాషలు కదా" అని ఊరుకోకండి, చెవి పరీక్ష చేయించండి.

మెదడు ముందు భాగం పూర్తిగా పరిపక్వం కావడానికి 25 ఏళ్లు పట్టవచ్చు. ఇంటర్ చదివే అబ్బాయి మీద కేకలు వేసేటప్పుడు ఇది కాస్త గుర్తుంచుకోండి!

ఇక పెద్దలు. పంజాగుట్టలోని నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం మతిమరుపు జబ్బు వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివారిలో కూడా ఈ తేడా కనిపించింది. కూరగాయల బండి దగ్గర తెలుగు, పక్కింట్లో ఉర్దూ మాట్లాడే మన హైదరాబాద్ తల్లులు అన్నమాట. అన్ని దేశాల అధ్యయనాల్లోనూ ఇదే ఫలితం రాలేదు. పైగా ఇది ఆలస్యమే, జబ్బు రాకుండా ఆపడం కాదు.

వయసుతో మెదడు కొంత కుంచించుకుపోవడం సహజం. ఎంత అనేది తెలియాలంటే మనవారి కొలత కావాలి. అందుకే గచ్చిబౌలి ఐఐఐటీ వారు 100 మంది భారతీయ యువతీయువకుల స్కాన్లతో నమూనా తయారుచేసి 2019లో ప్రకటించారు. సగటున మన మెదళ్లు పాశ్చాత్యుల కంటే కొంచెం చిన్నవట. తెలివికీ దీనికీ ముడిపెట్టకండి.

ఒక నానమ్మ గారిని "మతి పోయింది, పలకడం లేదు" అని మా దగ్గరకు తెచ్చారు. పరీక్షిస్తే వినికిడి తగ్గింది, రక్తంలో బి12 కూడా తక్కువే. దానికితోడు స్కూల్ ఇంటర్వ్యూ కోసమని మనవడితో తెలుగు మాట్లాడవద్దన్నారట. ఆ ఫ్లాట్‌లో ఆమెకు మాట్లాడేందుకు మిగిలింది ఎవరు? ఇంజెక్షన్లు, వినికిడి మిషను ఇచ్చాము. నిషేధం మాత్రం కోడలే ఎత్తివేసింది. మూడు నెలల తర్వాత ఆ నానమ్మ మా వార్డు ఆయాతో ధరల గురించి వాదిస్తూ కనిపించారు.

మతిమరుపు అంటే వెంటనే వయసు మీద నెట్టకండి. బి12, థైరాయిడ్, షుగర్, బీపీ, వినికిడి ముందు చూపించండి. వచ్చేటప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకురండి, నిద్ర మాత్రలతో సహా.