ఆడబిడ్డకు ఇచ్చిన తలాంతు

చదువవలసిన వాక్యభాగాలు: మత్తయి 25:14-30, 1 కొరింతీ 9:24-27

తలాంతుల ఉపమానం మనం చిన్ననాటి నుండి వింటున్నదే. తలాంతు అనగానే మనకు చదువు, పాట, ధనం గుర్తుకు వస్తాయి. చురుకైన కాళ్లు, అలసటకు ఓర్చుకొనే దేహం కూడా దేవుని వరాలేనని, వాటిని ఆడపిల్లకు ఇచ్చినా అవి వరాలేనని మనకు వెంటనే తోచదు. ఈ వారం ఒక తెలుగు యువతి జీవితాన్ని ముందుంచుకొని ఈ సంగతి ధ్యానిద్దాం.

ఆమె పేరు గుగులోత్ సౌమ్య. 2001లో నిజామాబాద్ జిల్లాలో ఒక లంబాడా కుటుంబంలో పుట్టింది. మొదట పరుగు పందేలలో పాల్గొనేది. ఆమె వేగాన్ని గమనించిన శిక్షకుడు ఫుట్‌బాల్ వైపు మళ్లించారు. మైదానం అంచు వెంబడి బంతితో దూసుకుపోయే స్థానం ఆమెది. ఆ స్థానానికి వేగమే ప్రాణం. ఆ విధంగా పరుగులో సంపాదించినది ఆటలో రెట్టింపయింది.

2022లో కేరళకు చెందిన గోకులం జట్టు భారత మహిళల లీగ్‌ను గెలిచినప్పుడు సౌమ్య అందులో ఉంది. అదే ఏడాది మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా దేశం వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్‌లో చేరింది. తరువాత కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ జట్టుతో 2024-25 లీగ్ విజేతగా నిలిచింది. 2025 మే నెలలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణిగా సత్కరించింది. ఆ జూలైలో భారత జట్టు థాయిలాండ్‌ను 2-1 గోల్స్‌తో ఓడించి 2026 ఆసియా కప్పుకు అర్హత సంపాదించింది. ఆ అర్హత పోటీలలో భారత్ తరఫున ఆడినవారిలో సౌమ్య ఒకరు.

పెద్దలు మూసిన తలుపు

స్త్రీలకు ఈ ఆట సులభంగా దక్కలేదు. 1920 డిసెంబరు 26న ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఫ్యాక్టరీ కార్మిక స్త్రీల జట్టు ఆడుతుంటే చూడడానికి 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడాదే అక్కడి ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట స్త్రీలకు తగదని చెప్పి, తన మైదానాలలో వారిని ఆడనివ్వరాదని శాసించింది. దాదాపు 50 ఏళ్లు ఆ నిషేధం సాగింది. కతోలికులు అధికంగా ఉన్న బ్రెజిల్‌లో 1941 నుండి 1979 వరకు చట్టమే అడ్డు నిలిచింది. ఆ కాలంలో ఎందరి తలాంతులు మట్టిలో కలిసిపోయాయో దేవునికే తెలుసు.

ఆట పాపమా?

కాదు. పునీత పౌలుగారు క్రైస్తవ జీవితాన్ని పరుగు పందెంతో పోల్చారు. కొరింతు నగరవాసులకు ఆటల పోటీలు బాగా తెలుసు గనుక ఆ పోలిక వారికి సులభంగా అర్థమైంది. పునీత తోమాసు అక్వినాసుగారు, దేహానికి విశ్రాంతి ఎలా అవసరమో మనసుకు ఆట అలా అవసరమని బోధించారు. మితంగా, మర్యాదగా ఆడడం సద్గుణమన్నారు. పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు బాల్యంలో తమ ఊరిలో గోల్‌కీపరుగా ఆడినవారే. అయితే ఆట ఆదివారపు దివ్యబలిపూజను, చదువును మింగివేయరాదు. పౌలుగారు చెప్పిన వాడిపోని కిరీటమే మన గురి.

మన ఇళ్ల సంగతి

మన గోదావరి జిల్లాల్లో సత్యోపదేశం తరగతి ముగిశాక మగపిల్లలు బంతి పట్టుకొని పరుగెత్తుతారు. ఆడపిల్లలు మెట్ల మీద కూర్చొని చూస్తారు. బడిలో చక్కగా ఆడే పిల్ల పెద్దమనిషి కాగానే ఆట మానిపించే ఇళ్లు ఎన్నో. అడిగితే "ఏమైనా జరిగితే? నలుగురూ ఏమంటారు, ఫాదర్?" అంటారు.

తల్లిదండ్రుల భయాన్ని నేను తేలికగా తీసివేయను. అది ప్రేమలో నుండి పుట్టినదే. కాని ఉపమానాన్ని మరల చదవండి. మూడవ సేవకుడు తలాంతును తాగి పాడుచేయలేదు, దొంగిలించలేదు. భయపడి పాతిపెట్టాడు. యజమాని ఆ భయాన్ని సాకుగా అంగీకరించలేదు. భయానికి మందు కాపుదల. శిక్షకులు ఎవరో విచారించండి, మైదానానికి తోడు వెళ్లండి, దూరపు పోటీలకు నమ్మకమైన స్త్రీని తోడు పంపండి, చీకటి పడకముందే ఇంటికి తీసుకురండి. బిడ్డను ఇంట పాతిపెట్టడం మాత్రం కాపుదల కాదు.

ప్రతి పిల్లా సౌమ్య కాదు, కానక్కరలేదు. అయిదు తలాంతులవానికి దక్కిన మెప్పే రెండు తలాంతులవానికీ దక్కింది. ఊరి జట్టులో ఆడి, ఓటమిని ఓర్చుకోవడం, తోటివారికి బంతి అందించడం నేర్చుకున్న అమ్మాయి రేపు మంచి గృహిణిగా, ఉద్యోగినిగా, మఠకన్యగా ధైర్యంగా నిలబడుతుంది.

కుటుంబంలో ఆలోచించుకొనుటకు

1. మన ఇంటి ఆడబిడ్డలో దేవుడు ఉంచిన వరం ఏమిటి? ఆమెనే అడిగామా?
2. భయం వలన మనం పాతిపెట్టినది ఏదైనా ఉన్నదా?
3. మన విచారణలో బాలికలు సురక్షితంగా ఆడుకొనడానికి వారానికి ఒక గంట, ఒక స్థలం ఏర్పాటు చేయగలమా?

నజరేతులో ఎదిగే బిడ్డను కనిపెట్టి పెంచిన మరియమాత, పునీత జోజప్పగారు మన తల్లిదండ్రులకు తోడుగా ఉందురుగాక.